ఎనిమిది నెలలుగా వాడుతున్న ప్రాక్టీస్ ప్యాడ్: షోకి ముందు ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి ఎంతవరకు పనికొచ్చింది

నేను డ్రమ్మర్‌ని. డ్రమ్స్ బదులు స్టిక్స్‌తో వాయించి సాధన చేసుకునే ప్రాక్టీస్ ప్యాడ్, రెండు వైపులా వాయించగలిగే 12 అంగుళాలది, కొని ఎనిమిది నెలలైంది. ఈలోపు పదకొండు లైవ్ షోలు వాయించాను, పదకొండింటికీ ఇది నాతోనే వచ్చింది, కాబట్టి పెట్టె విప్పిన రోజు ఉత్సాహంలో రాస్తున్న రివ్యూ కాదిది. ముందే చెప్పేస్తున్నా, ప్యాడ్ బాగుంది, పోతే మళ్లీ ఇలాంటిదే కొంటాను, కానీ అమ్మేవాళ్లు చెప్పే కారణానికి మాత్రం కాదు. వాళ్లు స్పీడ్ పెరుగుతుందంటారు. నాకు జరిగిన మేలు వేరే. ఇదివరకు నా చేతులు దారిలో పడడానికి స్టేజీ మీద రెండు మూడు పాటలు పట్టేవి, ఇప్పుడు మొదటి పాటకే అవి సిద్ధంగా ఉంటున్నాయి. అంతే, కానీ లైవ్‌లో వాయించేవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో వాళ్లకే తెలుస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరహా ప్యాడ్ చాలా కంపెనీలు చేస్తున్నాయి: మధ్యలో చెక్క, ఒకవైపు బాగా ఎగిరే రబ్బరు, రెండోవైపు అంతగా ఎగరని మెత్తటి పొర. నేను చెప్పేది వాటిలో దేనికైనా వర్తిస్తుంది.

కొనడానికి కారణం ఒక షో. నలభై నిమిషాల సెట్. సౌండ్ చెక్ నాలుగింటికి అయిపోయింది, మేము స్టేజీ ఎక్కింది ఏడున్నరకి. ఆ మూడున్నర గంటలూ కూర్చుని కబుర్లు చెప్పాను, మధ్యలో స్పీకర్ బాక్సులు మోయడానికి ఒక చెయ్యి వేశాను, చేతుల సంగతి అసలు గుర్తే లేదు. హాల్లో ఏసీ గట్టిగా ఉంది, వేళ్లు చల్లబడిపోయాయి. మొదటి పాట నిమిషానికి 168 బీట్లు, హై-హ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట సింబల్స్) మీద ఎయిత్ నోట్స్, అంటే బీటుకి రెండు దెబ్బలు, ఆగకుండా నడవాలి, టెన్షన్‌లో దాన్ని ఇంకాస్త తొందరగా మొదలుపెట్టేశాను. రెండో పాట సగానికి కుడి ముంజేయి రాయిలా బిగుసుకుపోయింది. మూడో పాటలో స్టిక్ వేళ్ల మధ్య ఉందో లేదో కూడా తెలియడం లేదు, జారిపోతుందేమోనని ఇంకా గట్టిగా పట్టుకున్నాను, గట్టిగా పట్టుకున్నకొద్దీ చెయ్యి ఇంకా బిగిసింది. మిగతా పాటలన్నీ ఫిల్స్ (మధ్యమధ్యలో వేసే చిన్న చిన్న విరుపులు) తగ్గించి, హై-హ్యాట్ మీద క్వార్టర్ నోట్స్‌కి, అంటే బీటుకి ఒకే దెబ్బకి, దిగిపోయి ఎలాగోలా లాగించాను. జనానికి తెలిసిందో లేదో గానీ, మా బేస్ గిటారిస్ట్ మాత్రం నా వైపు చూసిన ప్రతిసారీ ముఖం దాచుకోవాలనిపించింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరికింది. కండరం బిగిసినప్పుడు తన లోపలి రక్తనాళాల్ని తానే నొక్కేస్తుంది, వదిలినప్పుడే రక్తం మళ్లీ బాగా పారుతుంది. డ్రమ్మర్ చెయ్యి ప్రతి దెబ్బకీ బిగిసి వదులవ్వాలి, ఆ వదిలే క్షణం ఉన్నంతసేపూ గంటలు గంటలు వాయించొచ్చు. చల్లబడిన కండరం నెమ్మదిగా బిగుస్తుంది, నెమ్మదిగా వదులుతుంది. దానికి తోడు స్టేజీ ఎక్కగానే అడ్రినలిన్ పొంగి, మనకి తెలియకుండానే పట్టు రెట్టింపవుతుంది. ఈ రెండూ కలిస్తే వదిలే క్షణం పోతుంది, మిగిలేది బిగింపు ఒక్కటే. నా ప్రాక్టీస్ తక్కువై జరిగింది కాదది, ఇంట్లో అదే పాటల్ని రోజూ గంటన్నర వాయిస్తున్నాను. స్టేజీ ఎక్కేముందు ఒంటిని మేల్కొలపలేదు, అదీ సంగతి.

ఇక ప్యాడ్ విషయం. 12 అంగుళాలంటే స్నేర్ (డ్రమ్మర్ మోకాళ్ల మధ్య ఉండే ముఖ్యమైన డ్రమ్) కంటే కొంచెం చిన్నది, స్నేర్ స్టాండ్‌లో సరిగ్గా కూర్చుంటుంది, నా దృష్టిలో ఈ సైజు తీసుకోవడానికి అదే అసలు కారణం. 6 అంగుళాలవి బ్యాగు జేబులో పట్టేస్తాయి, వాటిలో కొన్నింటికి అడుగున 8 మిల్లీమీటర్ల మర ఉంటుంది, సింబల్ స్టాండ్‌కి బిగించుకోవచ్చు. కానీ అంత చిన్నదాని మీద రెండు స్టిక్స్ ఒకదానికొకటి తగలకుండా వాయించాలంటే చేతులు దగ్గరికి లాక్కోవాలి, మోచేతులు పక్కటెముకలకి అతుక్కుంటాయి, అసలు డ్రమ్స్ ముందు మనం అలా కూర్చోం కదా. చేతుల్ని ఏ స్థితిలో వాడబోతున్నామో ఆ స్థితిలోనే వేడెక్కించాలి. పెద్దదైతే స్టిక్ బ్యాగులో పట్టదు, విడిగా మోసుకెళ్లాలి, బరువు కూడా ఉంది. ఆ ఇబ్బందికి నేను అలవాటు పడ్డాను.

ఎగిరే వైపు రబ్బరు చాలా బాగుంది, అందులో అనుమానం లేదు. స్టిక్ వదిలితే చాలు దానంతటదే లేచి వస్తుంది, డబుల్స్ (ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు) గుండ్రంగా పలుకుతాయి, వేళ్లతో స్టిక్‌ని నియంత్రించడం నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఉపరితలం దొరకదు. కొన్న మొదటి నెలంతా నేను ఆ వైపే వాయించాను. సింగిల్స్ (చేతులు మార్చి మార్చి ఒక్కో దెబ్బ) ఇదివరకు ఎప్పుడూ రానంత వేగంగా వచ్చాయి. అదే ఉత్సాహంతో రిహార్సల్‌కి వెళ్లి డ్రమ్స్ ముందు కూర్చుంటే ఆ వేగంలో సగమే మిగిలింది, ముఖ్యంగా ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నేలపై నిలబడే పెద్ద డ్రమ్) మీదకి వెళ్లేసరికి ఫిల్ మొత్తం బురదలో కాలు పడ్డట్టు కూరుకుపోయింది.

అందులో ప్యాడ్ తప్పేమీ లేదు. గట్టిగా బిగించిన స్నేర్ కంటే కూడా ఈ రబ్బరు స్టిక్‌ని ఎక్కువగా వెనక్కి విసురుతుంది. వదులుగా ట్యూన్ చేసిన 16 అంగుళాల ఫ్లోర్ టామ్‌కి ఆ గుణం ఉండదు, అక్కడ స్టిక్‌ని మనమే పైకి లేపుకోవాలి, లేపే పని చేసేది ముంజేయి పైభాగంలో ఉండే కండరాలు. బౌన్స్ మీదే ఆధారపడి వాయిస్తే ఆ కండరాలకి ప్యాడ్ మీద పనే దొరకదు. ఆ షోలో నాకు బిగుసుకుపోయినవి కూడా సరిగ్గా అవే. అంటే నాకు ఏది అవసరమో దాన్ని తప్పించుకుంటూ, అప్పటికే బాగా వచ్చినదాన్నే నెలరోజులు రుద్దానన్నమాట.

అప్పుడు ప్యాడ్ తిప్పాను. రెండోవైపు పొర మెత్తగా ఉంటుంది, స్టిక్ పడ్డచోటే కాస్త ఆగుతుంది, మొదటి రోజు ఐదు నిమిషాలకే చేతులు బరువెక్కాయి. ఈ ప్యాడ్‌కి నేను మంచి మార్కులు వేసేది ఈ వైపుకే. దిండు మీద వాయించమని చాలామంది చెప్తారు, నేనూ చాలాకాలం వాయించాను, కానీ దిండు మరీ మెత్తన, అస్సలు ఎగరదు, ఎక్కువసేపు వాయిస్తే మణికట్టుతో పొడవడం అలవాటవుతుంది, దెబ్బ ఎక్కడ పడిందో కూడా సరిగ్గా వినిపించదు. ఈ పొర ఫ్లోర్ టామ్‌కి చాలా దగ్గరగా ఉంది, ఎగరాల్సినంత ఎగురుతుంది, మిగతాది నీ పని అంటుంది. ఇప్పుడు నా ప్రాక్టీస్‌లో మూడొంతుల్లో రెండొంతులు ఈ వైపే, ఎగిరే వైపు కేవలం డబుల్స్‌కీ వేళ్ల పనికీ. మెత్తటి వైపు పదిహేను నిమిషాలు శుభ్రంగా వాయించగలిగితే డ్రమ్ కిట్ మీద ఏ ఉపరితలానికీ చెయ్యి జంకదు.

ప్యాడ్ ఎక్కడ పెట్టుకుంటున్నామన్నది ప్యాడ్ కంటే ముఖ్యం, దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. సోఫాలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని వాయించేవాళ్లు చాలామంది, నేనూ మొదట్లో అంతే. ఒళ్లో పెడితే ప్యాడ్ బాగా కిందకి ఉంటుంది, మెడ వంగుతుంది, భుజాలు ముందుకి గుంజుకుంటాయి, నడుము గుండ్రంగా వాలిపోతుంది. అలా గంట కూర్చుంటే భుజం, మెడ కలిసేచోట మొదలయ్యే నొప్పి రెండ్రోజులు వదలదు. నేను ఇప్పుడు ప్యాడ్‌ని స్నేర్ స్టాండ్‌లో పెట్టి, కిట్ మీద స్నేర్ ఎంత ఎత్తులో ఉంటుందో టేపుతో కొలిచి అంతే ఎత్తులో ఉంచుతాను. కూర్చునేది కూడా డ్రమ్ థ్రోన్ (డ్రమ్మర్లు కూర్చునే స్టూలు) మీదే, ఇంట్లో కుర్చీ మీద కాదు. థ్రోన్ ఎత్తు ఎంతుండాలంటే తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండాలి, తొడ మోకాలి వైపుకి కొంచెం వాలుతూ దిగాలి. మరీ కిందకి కూర్చుంటే కాలు ఎత్తిన ప్రతిసారీ నడుము కింది భాగం లాగుతుంది, రెండు గంటల షోలో కాలు వేలసార్లు లేస్తుంది. మీ దగ్గర ఒకే ఒక్క వస్తువు కొనే వీలుంటే, ఊగిపోయే పాత థ్రోన్ మీద కూర్చుంటూ ఉంటే, ప్యాడ్ పక్కన పెట్టి ముందు మంచి థ్రోన్ కొనుక్కోండి. ప్యాడ్ రివ్యూలో ఈ మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

షో రోజు నేను దీన్ని వాడే పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఈ ప్యాడ్ విలువంతా షోకి ముందున్న ముప్పావు గంటలోనే ఉంది. స్టేజీ ఎక్కడానికి ముప్పావు గంట ముందు మొదలుపెడతాను. స్టిక్స్ వెంటనే పట్టుకోను. ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడుస్తాను, మెట్లుంటే రెండుసార్లు ఎక్కి దిగుతాను, ఒంట్లో వేడి పుట్టి నుదుటి మీద చెమట తగలడం మొదలవ్వాలి. తర్వాత భుజాలు గుండ్రంగా తిప్పడం, చేతులు పెద్ద వలయాల్లో ఊపడం, మణికట్లు రెండువైపులా తిప్పడం, పిడికిలి బిగించి వేళ్లు పూర్తిగా చాపడం. అన్నీ కదులుతూ చేసేవే. వేళ్లు వెనక్కి వంచి అర నిమిషంపాటు లాగి పట్టుకునే స్ట్రెచ్‌లు షోకి ముందు చెయ్యను. చల్లగా ఉన్న కండరాన్ని అలా ఎక్కువసేపు లాగి ఉంచితే కాసేపు దాని బలం కాస్త తగ్గుతుంది, అవి షో అయ్యాక చేసుకోవాల్సినవి. చలిగా ఉన్న చోటైతే గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చేతులు పెడితే వేళ్లు త్వరగా మాట వింటాయి.

అప్పుడు ప్యాడ్. మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కు టిక్కుమనే పరికరం) నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి, మెత్తటి వైపు, సింగిల్స్, బీటుకి రెండు దెబ్బలు చొప్పున. చాలా నెమ్మది అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఇక్కడ చూసుకోవాల్సింది ఒక్కటే, దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి నిజంగా వదులవుతోందా లేదా అని. వదులవుతోందని నమ్మకం కుదిరాకే బీటుకి నాలుగు దెబ్బలకి వెళ్తాను, తర్వాత ఐదేసి బీట్లు పెంచుకుంటూ పోతాను, నా గరిష్ఠ వేగంలో దాదాపు ముప్పాతిక దగ్గర ఆగిపోతాను. స్టేజీ వెనక నీ అత్యధిక వేగం పరీక్షించుకోకూడదు, నలుగురూ చూస్తున్నారని ఆ పని చేస్తే షోలో వాడాల్సిన చేతుల్ని అక్కడే ఖర్చు పెట్టేస్తావు. తర్వాత ప్యాడ్ తిప్పి ఎగిరే వైపు డబుల్స్, పారడిడిల్స్ (కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ), కొన్ని ఫ్లామ్స్ (చిన్న దెబ్బ వెంటే పెద్ద దెబ్బ). డ్రమ్మర్ల సంస్థ పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ వాళ్ల జాబితాలో ఇలాంటి ప్రాథమిక పాఠాలు, అంటే రూడిమెంట్లు, 40 ఉన్నాయి, అన్నీ ఆ రోజే వాయించక్కర్లేదు, ఆ సెట్‌లో చేతులకి దేని అవసరం ఉందో అవి చాలు. మళ్లీ మెత్తటి వైపు తిప్పి యాక్సెంట్లు (మధ్యలో కొన్ని దెబ్బలు గట్టిగా), మోచెయ్యి ముందు లేచి మణికట్టు కొరడాలా వెనకాలే వచ్చే మోల్లర్ కదలిక, దీనివల్ల భుజం నుంచి వేలి కొన దాకా మొత్తం చెయ్యి పనిలోకి దిగుతుంది. చివర్లో మొదటి పాట హై-హ్యాట్ ప్యాటర్న్ అసలు టెంపోలో రెండు నిమిషాలు, అదీ ఫోన్‌లో క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) పెట్టుకునే, ఎందుకంటే ఆ సమయానికి గుండె వేగం పెరిగి నా అంచనా తప్పుతుంది, క్లిక్ లేకపోతే తప్పకుండా తొందరపడతాను.

స్టేజీ ఎక్కడానికి పది నిమిషాల ముందు ఆపేస్తాను. ఆపాక చేతులు ఊరికే వదిలెయ్యను, పొడుగు చేతుల చొక్కా గానీ జాకెట్ గానీ వేసుకుంటాను, చల్లటి సీసా పట్టుకోను. ముందు బ్యాండ్ ఆలస్యం చేసి ఇంకో అరగంట ఆగాల్సి వస్తే మళ్లీ ప్యాడ్ తీసి ఐదు నిమిషాలు నెమ్మదిగా వాయిస్తాను. ఈ ఆలస్యాల్లోనే ప్యాడ్ నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది. స్నేర్ మీద అయితే వాయించలేం, అవతల ఇంకొకరి పాట నడుస్తూ ఉంటుంది.

శబ్దం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఎగిరే వైపు మరీ నిశ్శబ్దమేమీ కాదు, గది పక్కవాళ్లకి టకటకమని వినిపిస్తుంది. మెత్తటి వైపు బాగా తక్కువ, రాత్రి పదకొండింటికి కూడా ఇంట్లోవాళ్లెవరూ లేచి రాలేదు. ఇక్కడ ఒక లాభం ఉంది, రోజూ గంటసేపు స్నేర్ మీద చెయ్యాల్సిన పని ప్యాడ్ మీదకి మారితే చెవులకి ఆ మేరకు విశ్రాంతి. అమెరికాలో పనిచోట ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు, అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. డ్రమ్స్ ముందు కూర్చున్న చెవికి 100 దాటడం పెద్ద విషయం కాదు. కాబట్టి ప్యాడ్‌తో పాటు చెవి ప్లగ్స్ కూడా ఉండాలి, కీచు శబ్దాల్నీ బొంగురు శబ్దాల్నీ సమానంగా తగ్గించే మ్యూజిషియన్ల ప్లగ్స్ తీసుకోండి, స్పాంజివైతే సింబల్స్ మొత్తం మొద్దుబారి వినిపించి, ఆ వినిపించని దాన్ని అందుకోవడానికి ఇంకా గట్టిగా కొడతాం. చెవులు కాపాడుకోబోయి చేతులు పాడు చేసుకున్నట్టవుతుంది.

బరువైన స్టిక్స్‌తో వార్మప్ చెయ్యాలా అని చాలామంది అడుగుతారు. నేను స్టేజీ మీద 5ఏ సైజు స్టిక్స్ వాడతాను, ప్యాడ్ మీద మొదటి ఐదు నిమిషాలు ఇంకా లావైన 2బి. 5ఏ మందం దాదాపు 14.4 మిల్లీమీటర్లు, 2బి 16 మిల్లీమీటర్లు, చెయ్యి తేడాని వెంటనే పసిగడుతుంది. లావు స్టిక్ పట్టు తెరిపిస్తుంది, తర్వాత సన్నది పట్టుకుంటే హాయిగా ఉంటుంది. కానీ అది ఐదు నిమిషాలే, చివరి పదిహేను నిమిషాలూ షోలో వాడే స్టిక్స్‌తోనే వాయించాలి, లేకపోతే మొదటి పాటలో దూరాలు తప్పుతాయి. అల్యూమినియం స్టిక్స్ మాత్రం నేను వద్దనే అంటాను. ప్యాడ్ గట్టిగా ఉండి స్టిక్ బరువుగా ఉంటే ఆ అదురంతా మోచెయ్యి దాకా వస్తుంది, రెండు వారాలు వాడి మోచెయ్యి బయటివైపు సలుపుతుంటే పక్కన పెట్టేశాను.

ఇప్పుడు ఈ ప్యాడ్ చెయ్యలేనివి. కాళ్లు. చేతులకి ఇంత చేసి, కిక్ (కాలితో పెడల్ నొక్కి వాయించే పెద్ద డ్రమ్) వాయించే కాలుని స్టేజీ మీదే నిద్రలేపుతాం మనలో చాలామందిమి. మడమ ఎత్తి వాయించేవాళ్లకి పని చేసేది పిక్కలు ఒక్కటే కాదు, తొడని పైకి లేపే తుంటి ముందు కండరాలు కూడా, వేడెక్కకపోతే నొప్పి నడుములో కనిపిస్తుంది. నేను ప్యాడ్ ముందు కూర్చున్నప్పుడు పెడల్ లేకపోయినా రెండు పాదాలూ నేల మీద ఆడిస్తాను, ఎడమ పాదం హై-హ్యాట్ లెక్క, కుడి పాదం కిక్ లెక్క, దాంతో పాటు నిలబడి మునివేళ్ల మీద లేచి దిగడం ఇరవై సార్లు, కాలు ముందుకీ వెనక్కీ ఊపడం పది పది సార్లు.

రెండోది ఊపిరి, గుండె. అమెరికన్ రాక్ బ్యాండ్ బ్లాండీ డ్రమ్మర్ క్లెమ్ బర్క్ మీద బ్రిటన్‌లో చిచెస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి కొలతలు తీసి 2008లో బయటపెట్టారు, షోలో ఆయన గుండె సగటున నిమిషానికి 140 నుంచి 150 సార్లు కొట్టుకునేది, పైకి వెళ్తే 190 దాకా. పెద్ద స్థాయి ఫుట్‌బాల్ ఆటగాళ్లతో పోల్చారు. అది చదివాక నాకు అర్థమైంది, ప్యాడ్ ముందు గంట కూర్చుంటే చేతులు అలుస్తాయి గానీ గుండె వేగం అంతగా పెరగదు. అందుకే పెద్ద షో ఉన్నప్పుడు ఆరు వారాల ముందునుంచి వారానికి మూడుసార్లు అరగంట పరుగో సైకిలో పెట్టుకుంటాను, ఆఖరి మూడు వారాలూ వారానికి రెండుసార్లు మొత్తం సెట్‌ని పాటల వరుసలోనే, మధ్యలో ఆగకుండా, షోలో కొట్టేంత గట్టిగా కొడుతూ వాయిస్తాను. షోకి రెండ్రోజుల ముందు తగ్గించేస్తాను. ఫిల్ దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టే అలవాటు కూడా చాలామందికి ఉంటుంది, అది పోవడానికి మాత్రం ప్యాడ్ మంచి చోటు, కష్టమైన ప్యాటర్న్ వాయిస్తూ నాలుగు బీట్లకి లోపలికి, నాలుగు బీట్లకి బయటికి వదలడం. మొదట్లో చేతులు తప్పాయి, ఇరవై రోజుల్లో కుదిరింది.

చర్మం గురించి కూడా ఒక మాట. ప్యాడ్ మీద రోజూ వాయిస్తే చూపుడు వేలి పక్కన, బొటనవేలి దగ్గర చర్మం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆరు వారాల ముందు మొదలుపెట్టిన వాళ్లకి షోలో బొబ్బలు తక్కువ. షోకి ముందురోజు ఒక్కసారిగా మూడు గంటలు వాయిస్తే బొబ్బ అప్పుడే లేస్తుంది, షోలో పగులుతుంది. అదే చోట పదేపదే వస్తుంటే పట్టు మరీ గట్టిగా ఉందని చేతులు చెప్తున్నట్టు.

నొప్పి విషయంలో మొండితనం వద్దు. కండరం మండడం, బరువెక్కడం, ఆపగానే రెండు నిమిషాల్లో తగ్గడం, అది అలసట. పొడిచినట్టు ఉండడం, మణికట్టులోనో మోచెయ్యి మీదో ఒకేచోట ఉండిపోవడం, వేళ్లలో తిమ్మిరి, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారడం, ఇవి వేరు, ఇవి కనిపిస్తే ప్యాడ్ మూసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంగ్లిష్ డ్రమ్మర్, గాయకుడు ఫిల్ కాలిన్స్ మెడ వెన్నుపూసల ఆపరేషన్ తర్వాత 2009లో ఇక డ్రమ్స్ వాయించలేనని చెప్పారు, చేతుల్లో ఆ పట్టు రాలేదు. కెనడా రాక్ బ్యాండ్ రష్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ భుజం బాధతో, టెండన్ల (కండరాన్ని ఎముకకి కలిపే తంతువుల) వాపుతో 2015 టూర్ తర్వాత ఆపేశారు. వాళ్లు దశాబ్దాలు వాయించినవాళ్లు, మన శరీరాలూ అదే పదార్థంతో తయారైనవి. అందుకే ప్యాడ్ మీద కూడా ప్రతి ఇరవై నిమిషాలకీ ఐదు నిమిషాలు ఆపుతాను, ఇదివరకు ఆ ఆపడం చేతకానితనం అనుకునేవాణ్ని, ఇప్పుడు అనుకోను.

మన్నిక బాగుంది. ఎనిమిది నెలల తర్వాత ఎగిరే వైపు మధ్యలో అరచేయంత మేర నునుపైంది, బౌన్స్ మాత్రం మారలేదు. రబ్బరుకి దుమ్ము తొందరగా పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చివర కొనలకి వార్నిష్ మందంగా ఉన్న స్టిక్స్‌తో వాయిస్తే రబ్బరు మీద మరకలు పడతాయి. ఇంతకుముందు నా దగ్గర ఉన్న వేరే ప్యాడ్‌కి పై పొర జిగురు ఊడిపోయి, ఒక అంచు లేచి, ప్రతి దెబ్బకీ చప్పుడు మారేది, దీనికి అలాంటిదేమీ జరగలేదు. కొనేటప్పుడు అంచుల వెంట వేలితో లాగి చూడండి, పొర ఎక్కడా లేవకూడదు. చెక్క మీద బొటనవేలితో తట్టితే బోలుగా మోగకూడదు. అడుగు వైపు జారకుండా ఉండే రెండు వైపుల ప్యాడ్ దాదాపు దొరకదు, రెండువైపులా వాయించేదే కాబట్టి బల్ల మీద పెడితే కొంచెం కదులుతుంది, స్టాండ్ లేకపోతే కింద తువ్వాలు పరుచుకోవాలి.

ఎవరికి వద్దంటే, ఇప్పుడే స్టిక్ పట్టుకుంటున్నవాళ్లకి ఒకవైపున్న మామూలు ప్యాడ్ చాలు. ఎక్కువగా బ్రషెస్ (సన్నటి తీగల కుచ్చులు) తో వాయించేవాళ్లకి రబ్బరు పనికిరాదు, పైన కోటెడ్ హెడ్ (గరుకు పూత ఉన్న డ్రమ్ పొర) ఉన్న, బిగించుకోగలిగే ప్యాడ్ చూసుకోవాలి. జెల్‌తో చేసినవి ఇంకా తక్కువ ఎగురుతాయి, కండరాల బలానికి మంచివే, కానీ షోకి ముందు నలభై నిమిషాలు దాని మీద వాయిస్తే చేతులు వేడెక్కడం దాటి అలిసిపోతాయి, నేను అరువు తెచ్చుకుని చూశాను. నెలకి ఒక్క షో అయినా ఉండి, సౌండ్ చెక్‌కీ షోకీ మధ్య గంటలు గంటలు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేవాళ్లకి ఈ రెండు వైపుల 12 అంగుళాల ప్యాడ్ కళ్లు మూసుకుని చెప్తాను. ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు మోసుకెళ్లే బరువుకి తగ్గించాను.

పోయిన నెల షో తొంభై నిమిషాల సెట్, నాకు అదే మొదటిసారి. అదే 168 పాటతో మొదలుపెట్టాం. రెండో పాట సగానికి వచ్చినప్పుడు కుడిచెయ్యి వైపు ఒకసారి దృష్టి పెట్టి చూసుకున్నాను, స్టిక్ వేళ్ల మధ్య వదులుగా కదులుతోంది, ఊపిరి నడుస్తోంది. చివరి పాటలో ఫ్లోర్ టామ్ మీద ఎనిమిది బార్ల ఫిల్, పూర్తి వేగంతో వాయించాను. దిగి వెనక్కి వస్తే మా తర్వాత వాయించాల్సిన బ్యాండ్ డ్రమ్మర్, ఇరవై ఏళ్ల కుర్రాడు, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "అన్నా, ఆ ప్యాడ్ ఒక్క పది నిమిషాలు ఇస్తారా?" అన్నాడు. స్టాండ్‌తో సహా ఇచ్చాను, ఎగిరే వైపు పైకి ఉంటే తిప్పి మెత్తటి వైపు పైకి పెట్టి, క్లిక్ 60 దగ్గర మొదలుపెట్టమన్నాను.